ఓపెన్ మైక్ అని పిలిచి రాత్రి పదింటికి చదివించారు – విజయవాడ కవిత్వ రాత్రి సంగతులు (పొడుగు పోస్టు)

మైకుభయం – ఆదివారం, రాత్రి 12:20

అందరికీ నమస్తే. నిద్ర పట్టక రాస్తున్నా, పొడుగైతే తిట్టుకోకండి.

ఇవాళ మా విజయవాడలో ఒక కవిత్వ రాత్రి జరిగింది. ముగ్గురు అతిథి కవులు, తర్వాత ఓపెన్ మైక్, సాయంత్రం 6 నుంచి 9 వరకు అని వాట్సాప్‌లో పోస్టర్ తిరిగింది. నేను ఎప్పుడూ జనం ముందు చదవలేదు, మూడేళ్ళుగా ఫోన్ నోట్స్‌లో రాసుకోడం, తెల్లారి చూసుకుని సగం చెరిపేయడం, అంతే. ఈసారి ఏదైతే అదైంది అని గూగుల్ ఫారం నింపేశా. నా నంబరు 9.

హాలు మూడో అంతస్తు. 6కి వెళ్తే కుర్చీలు వేసే అబ్బాయి, బ్యానర్ కడుతున్న ఇద్దరు, నేను. 7కి గాని జనం రాలేదు, వచ్చాక మాత్రం అరవై మంది దాకా ఉన్నారు. జ్యోతి ప్రజ్వలన అన్నారు, ఫ్యాను గాలికి అగ్గిపుల్ల ఆగట్లేదని ఫ్యాన్లు ఆపారు, వెలిగించారు, ఉక్కపోస్తోందని మళ్ళీ ఫ్యాన్లు వేశారు, దీపం కొండెక్కింది. ఆ తర్వాత స్వాగతం, ఆ తర్వాత అధ్యక్షుల వారు "సమయాభావం వల్ల రెండే రెండు ముక్కలు" అని లేచారు. ఇరవై అయిదు నిమిషాలు. ఆయన్ని పరిచయం చేసినాయన పది నిమిషాలు అదనం. మొదటి కవిత చెవిన పడేసరికి ఎనిమిది అవుతోంది.

హైదరాబాద్ నుంచి వచ్చినావిడ మాత్రం అద్భుతం అండి. లేచారు, నీళ్ళు తాగారు, ఉపోద్ఘాతం లేదు ఏమీ లేదు, నాలుగు కవితలు, పన్నెండు నిమిషాలు, కూర్చున్నారు. వెనకాల ఎవరో ఏడ్చారు, ముక్కు ఎగబీల్చడం వినపడింది. తర్వాత వచ్చినాయన యాభై నిమిషాలు చదివారు, అందులో కవిత్వం ఇరవై ఉంటుందేమో, మిగతాది ఏ కవిత ఎవరు మెచ్చుకున్నారో. మధ్యలో సన్మానాలు. శాలువాలు, మెమెంటోలు, ఫోటోలు, ఫోటోగ్రాఫర్ సరిగ్గా రాలేదంటే మళ్ళీ కప్పడం.

ఓపెన్ మైక్ 9:50కి మొదలైంది. జనం లేచి వెళ్ళిపోతున్నారు. నా వంతు వచ్చేసరికి లెక్కపెట్టా, పద్నాలుగు మంది. అందులో ముగ్గురు చదవాల్సిన వాళ్ళే, వాళ్ళు నన్ను వింటున్నారో వాళ్ళ కాగితం చూసుకుంటున్నారో తెలీదు. చేతులు వణికాయి, ఫోన్ స్క్రీన్ ఆరిపోయింది, మధ్యలో అమ్మ కాల్ వచ్చింది "ఎక్కడున్నావే" అని. ఎలాగో చదివేశా.

నా తర్వాత ఆర్టీసీ కండక్టర్ ఒకాయన, డ్యూటీ దిగి ఖాకీ చొక్కాతోనే వచ్చారు. ఆయన చదువుతుంటే హాలు అబ్బాయి వెనకాల కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దోపి లాగుతున్నాడు, గరగరమని. ఆయన ఆపి, చూసి, మళ్ళీ చదివారు. నాకైతే నాది ఎలా పోయినా బాధ లేదు గానీ ఆ గరగర తలకెక్కి కూర్చుంది.

నేను అడిగేది ఒకటే. అన్నిచోట్లా ఇలాగే ఉంటుందా? ఇంకోసారి వెళ్ళాలా వద్దా?

---

గోదారిగట్టు – ఆదివారం, ఉదయం 6:45

చెల్లెమ్మా ముందు అభినందనలు. పద్నాలుగు మంది అంటున్నావు, నేను మొదటిసారి రాజమండ్రిలో చదివినప్పుడు ఏడుగురు, అందులో ఒకాయన నిద్రపోతున్నాడు, ఆయనే మా అధ్యక్షుడు.

వెళ్ళాలా వద్దా అనే ప్రశ్నే లేదు, వెళ్ళాలి.

---

టీ_సమోసా – ఆదివారం, ఉదయం 7:10

"రెండే రెండు ముక్కలు" హహహ. తెలుగు సభల్లో సమయాభావం గురించి చెప్పడానికి పట్టే సమయం ఎవరైనా లెక్కేస్తే బాగుండు.

సమోసా ఇచ్చారా లేదా, అది చెప్పండి ముందు.

---

మైకుభయం – ఆదివారం, ఉదయం 8:02

ఇచ్చారు. 8:30కి. సన్మానం జరుగుతుండగా. అందరూ కరకర నములుతుండగా శాలువా కప్పారు.

---

ఓరుగల్లు_పోరడు – ఆదివారం, ఉదయం 9:30

అక్కా, మీ పోస్టు చదివి నవ్వొచ్చింది, కోపం గూడ వచ్చింది. ఒక ముచ్చట చెప్త.

నేను హైదరాబాద్‌ల చదువుకునేటప్పుడు మా ఉర్దూ దోస్తు ఒకడు ముషాయిరాలకు, అంటె ఉర్దూ కవి సభలకు, తీస్కపోతుండె. ఆడ లెక్క మొత్తం ఉల్టా ఉంటది. కొత్త పోరగాళ్ళు ముందు చదువుతరు. పేరున్న షాయర్లు, అంటె కవులు, తర్వాత. సదర్ అంటె అధ్యక్షుడు, ఆయన అందరికన్న ఆఖర్కు. వెనకట షమా అని ఒక దీపం ఉంటుండెనట, ఎవల వంతొస్తే వాళ్ళ ముందట పెడుతుండె. పెద్దాయనను వినాల్నంటె కొత్తోళ్ళందరినీ వినుకుంట కూసోవాలె, లేచిపోతె పోయేది నీకే. అందుకే జనం కదలరు, అర్ధరాత్రి దాటినా.

ఇంకోటి, మంచి షేర్, అంటె రెండు లైన్ల పద్యం, పడితే "ముకర్రర్" అంటరు, మళ్ళ చదువు అని. షాయర్ మళ్ళ చదువుతడు. మనోళ్ళు కవిత అయిపోయినంక ఒక్కటే చప్పట్లు, మధ్యల సైలెంటు, చదివేటోనికి తెల్వది పోతున్నదా లేదా అని.

మఖ్దూం మొహియుద్దీన్ లాంటి ఉర్దూ షాయర్ ఆ స్టేజీల మీదనే కదా పేరు తెచ్చుకున్నది, ఒక దిక్కు కార్మిక సంఘం, ఇంకో దిక్కు ముషాయిరా. గిప్పుడు ట్యాంక్‌బండ్ మీద విగ్రహం ఉన్నది.

---

సీమ_ఎండ – ఆదివారం, ఉదయం 10:05

ముకర్రర్ సంగతి సరే సామీ, మన నాటకాల్లో వన్స్‌మోర్ లేదా ఏంది. మా తాత చెప్తా వుండె, పాండవోద్యోగ విజయాలు ఆడితే "బావా ఎప్పుడు వచ్చితీవు" పద్యానికి మూడుసార్లు వన్స్‌మోర్, కృష్ణుడు వేసినాయనకు గొంతు పోయేదంట. జనానికి వినడం రాదని కాదు. వచన కవితకు ఎప్పుడు అరవాలో ఎవురికీ తెలీదు, అంతే.

---

పాత_సంచిక – ఆదివారం, ఉదయం 11:40

నేను రిటైరైన తెలుగు మాస్టారిని. ఒప్పుకోవలసినది ఒకటుంది. ఇటువంటి సభలకు నేనూ చాలాసార్లు అధ్యక్షత వహించాను. రెండు ముక్కలు అని లేచి అరగంట మాట్లాడిన సందర్భాలు నాకూ ఉన్నాయి. ఎదురుగా కూర్చున్నవాళ్ళు మొహమాటానికి తలూపుతుంటే మనం బాగా చెబుతున్నాం కాబోలు అనిపిస్తుంది. అది ఒక జబ్బు.

కానీ ఒక్క విషయం. సభ అంటే ఇలాగే ఉంటుందని పిల్లలు అనుకోకూడదు. మనకు నిలబడి అప్పటికప్పుడు మెప్పించే సంప్రదాయం గట్టిది. అవధానం చూడండి, చాలామంది అడిగినవాటికి ఆశువుగా పద్యాలు చెప్పడం. ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు అడిగేవాళ్ళు, సమస్య (ఇచ్చిన పాదంతో పద్యం పూర్తిచేయడం), దత్తపది (ఇచ్చిన పదాలు పద్యంలో ఇమడ్చడం), నిషిద్ధాక్షరి (వద్దన్న అక్షరం లేకుండా చెప్పడం), మధ్యలో గంట కొడితే లెక్కపెట్టుకోవాలి, అప్రస్తుత ప్రసంగి ఏదో చిలిపి ప్రశ్న వేస్తే దానికీ జవాబివ్వాలి, చివర్లో పద్యాలన్నీ ధారణ చేసి అప్పజెప్పాలి. తిరుపతి వేంకట కవులు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలు తిరిగి మెప్పించింది ఇదే. మీసాలు పెంచి మరీ సవాలు విసిరారు. ఆ సభల్లో నిద్రపోయే వీలెక్కడిది? ప్రతి నిమిషం ఏమవుతుందో అన్న ఉత్కంఠ.

మీ సభలో అప్రస్తుత ప్రసంగం ఫోన్లు చేసినట్టున్నాయి.

---

నీలిసిరా – ఆదివారం, మధ్యాహ్నం 12:15

మాస్టారూ గౌరవంతోనే అడుగుతున్నా, అవధానం ఛందస్సు వచ్చినవాళ్ళ ఆట కదా. కండక్టర్ గారు అక్కడ చదవగలరా? ఓపెన్ మైక్ అనే మాటలో ఓపెన్ ఉన్నది అందుకు కాదూ?

మీరు సంప్రదాయం అన్నారు కాబట్టి ఇంకో సంప్రదాయం గుర్తు చేస్తా. 1965లో దిగంబర కవులు అనే తిరుగుబాటు కవులు ఆరుగురు మొదటి సంపుటి హైదరాబాద్‌లో అర్ధరాత్రి నడిరోడ్డు మీద నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడితో ఆవిష్కరింపజేశారు. రెండోది 1966లో మన విజయవాడలోనే, హోటల్లో పనిచేసే జంగాల చిట్టి చేతుల మీదుగా. మూడోది 1968లో విశాఖలో, ఒక బిచ్చగత్తెతో. శాలువా లేదు, అధ్యక్షుడు లేడు. వాళ్ళ కవిత్వం ఇప్పుడు చదివితే కొన్నిచోట్ల నాకు విసుగే, తిట్ల మీద ఆధారపడటం ఎక్కువ, కానీ ఆ అర్ధరాత్రి ఐడియా మాత్రం భలే. అదే విజయవాడలో ఇప్పుడు కండక్టర్ చదువుతుంటే కుర్చీలు లాగారన్నమాట.

---

పాత_సంచిక – ఆదివారం, మధ్యాహ్నం 12:50

అంగీకరిస్తున్నాను. కుర్చీల విషయంలో పూర్తిగా.

---

వెన్నెల_గది – ఆదివారం, మధ్యాహ్నం 3:30

ఈ థ్రెడ్ ఎవరో ఫార్వర్డ్ చేస్తే చూశాను. ఆ కార్యక్రమం పెట్టిన నలుగురిలో నేనొకడిని. సమర్థించుకోడానికి రాలేదు, కానీ కొన్ని తెలియాలి.

అధ్యక్షుల వారికి 78 ఏళ్ళు. ఆయన పేరు వేస్తేనే హాలు సగం అద్దెకి ఇచ్చారు. ఆయన్ని ఆపమని చీటీ పంపితే, చీటీ చదివి జేబులో పెట్టుకుని "మా కుర్రాళ్ళు ఎంత అభిమానంగా చీటీలు పంపుతున్నారో" అని ఇంకో పది నిమిషాలు మాట్లాడారు. నేనేం చెయ్యను?

కుర్చీల అబ్బాయి తప్పు కూడా కాదు, హాలు 10కి ఖాళీ చేయకపోతే వాడి జీతం కోస్తామంటారు. వాడికి చివరి బస్సు.

ఖర్చు చెప్తా. హాలు 4,000. మైకు, బాక్సులు 1,500. టీ సమోసా 1,800. శాలువాలు 5, ఒక్కోటి 280, అంటే 1,400. మెమెంటోలు 5, ఒక్కోటి 450, అంటే 2,250. బయట నుంచి వచ్చిన ఇద్దరికి దారి ఖర్చులు 1,500 చొప్పున 3,000. మొత్తం 13,950. హుండీలో వచ్చింది 6,240. మిగతాది మా నలుగురి జేబు. ఇంట్లో తెలిస్తే వేరే కవిత్వ రాత్రి జరుగుతుంది.

---

టీ_సమోసా – ఆదివారం, మధ్యాహ్నం 3:52

అన్నా లెక్క పెట్టినందుకు థాంక్స్, చాలామంది పెట్టరు. కానీ ఒక్కసారి చూడండి. శాలువాలు ప్లస్ మెమెంటోలు 3,650. కవులకి చేతికిచ్చింది 3,000. అంటే కవి కంటే కవి మీద కప్పిన గుడ్డకీ, చేతిలో పెట్టిన గాజు ముక్కకీ ఎక్కువ అయింది.

మా పెదనాన్న హరికథలు చెప్పేవాడు. బీరువాలో ముప్పై శాలువాలు ఉన్నాయి, ఒక్కటీ కప్పుకోలేదు, ఎండాకాలం ఊళ్ళో చలెక్కడ.

---

సీమ_ఎండ – ఆదివారం, సాయంత్రం 4:10

మా ఇంట్లో అవి టీవీ మీద కప్పుతారు సామీ.

---

వెన్నెల_గది – ఆదివారం, సాయంత్రం 4:25

శాలువా కప్పకపోతే మర్యాద చేయలేదంటారు, కప్పితే దండగ అంటారు. మీరు ఒకసారి పెట్టి చూడండి తెలుస్తుంది.

---

గోదారిగట్టు – ఆదివారం, సాయంత్రం 4:40

వేడెక్కకండి బాబాయ్, ఎవరూ మిమ్మల్ని అనట్లేదు, మీరు జేబులోంచి పెట్టారు కాబట్టే ఇంత చర్చ.

---

చికాగో_చలి – ఆదివారం, రాత్రి 9:15

ఇక్కడ పొద్దున, కాఫీ తాగుతూ మొత్తం చదివా. పోరడు తమ్ముడు చెప్పిన ముషాయిరా పద్ధతి చదివి ఆశ్చర్యం వేసింది, ఎందుకంటే నేను ఇక్కడ చూసిందీ దాదాపు అదే.

చికాగోలో గ్రీన్ మిల్ అని పాత జాజ్ క్లబ్బు ఉంది. మార్క్ స్మిత్ అనే ఆయన, కవి కాకముందు ఇళ్ళు కట్టే పనిలో ఉండేవాడు, 1986లో అక్కడ పొయెట్రీ స్లామ్, అంటే కవితలు చదివే పోటీ, మొదలెట్టాడు. తర్వాత అది దేశదేశాలకి పాకింది. నేను వచ్చిన కొత్తలో వెళ్ళేదాన్ని, అప్పట్లో ఆదివారం రాత్రుళ్ళు ఉండేది. వరస ఏంటంటే ముందు ఓపెన్ మైక్, తర్వాత అతిథి కవి, ఆ తర్వాత పోటీ. అంటే కొత్తవాళ్ళే ముందు. అక్కడ మధ్యలో టిప్పర్ లారీ లాంటి పెద్దమనిషి ఉపన్యాసం ఉండదు. ఆయన "నా పేరు మార్క్ స్మిత్" అనగానే జనం అందరూ కలిసి "సో వాట్!" అని అరుస్తారు. అంటే "అయితే ఏంటట!" అని. మొదటిసారి విన్నప్పుడు నేను బిత్తరపోయా, ఎంత అమర్యాద అనుకున్నా, తర్వాత అర్థమైంది, ఆయనే నేర్పించాడు అలా అనమని.

స్లామ్ పోటీల్లో మామూలుగా జడ్జీలు కూడా ప్రేక్షకుల్లోంచి అప్పటికప్పుడు లాగిన ఐదుగురు. సున్నా నుంచి పది మార్కులు, అన్నిటికంటే ఎక్కువదీ తక్కువదీ కొట్టేసి మిగతా మూడు కలుపుతారు. కవితకి మూడు నిమిషాలు, పది సెకన్లు వదిలేస్తారు, దాటితే మార్కులు పోతాయి. వాయిద్యం, వేషం కుదరవు.

అదంతా మనకి తెచ్చేయమని కాదు. మార్కులు నాకూ నచ్చవు, అరిచినవాడికి ఎక్కువ పడతాయి, మెల్లగా చదివే మంచి కవిత ఓడిపోతుంది, కళ్ళారా చూశా. కానీ మూడు నిమిషాల గంట ఒకటి తెచ్చుకోవచ్చు. మన అధ్యక్షుల వారు లేచి పేరు చెప్పగానే "అయితే ఏంటండీ" అని అరవై మంది అంటే ఎలా ఉంటుందో ఊహించుకుని నవ్వుకుంటున్నా.

---

పాత_సంచిక – ఆదివారం, రాత్రి 9:50

అమ్మా, నన్ను అలా అన్నా నేను బాధపడను. కొంచెం గౌరవవాచకం మాత్రం ఉంచండి.

---

నీలిసిరా – సోమవారం, ఉదయం 7:30

ముందు ఓపెన్ మైక్ పెట్టడం కాగితం మీద బాగానే ఉంది. మన దగ్గర 6 అంటే 7కి వస్తారు. 6కి మొదలెడితే కొత్తవాళ్ళు ఖాళీ కుర్చీలకి చదువుతారు. ఇప్పుడు చివర్లో ఖాళీ, అప్పుడు మొదట్లో ఖాళీ. తేడా ఏముంది?

ఇంకోటి, పెద్దవయసు కవులు పదింటిదాకా కూర్చోలేరు. షుగర్ బిళ్ళలు, చివరి రైలు, ఇవన్నీ ఉంటాయి. ముషాయిరాలో కుదిరింది ఇక్కడ కుదరకపోవచ్చు.

---

ఓరుగల్లు_పోరడు – సోమవారం, ఉదయం 8:15

అక్క చెప్పింది కరెక్టే. అయితే కలిపి పెట్టాలె. ఇద్దరు కొత్తోళ్ళు, ఒక గెస్టు, మళ్ళ ఇద్దరు కొత్తోళ్ళు, ఇంకో గెస్టు. ఎవడు ఎప్పుడు లేస్తడో తెల్వకుంటె జనం కూసుంటరు. బుఫేల చికెన్ ఒక్క దిక్కు పెట్టొద్దు, అంతే లెక్క.

---

మైకుభయం – సోమవారం, ఉదయం 8:40

ఇది నాకు నచ్చింది!! ఆవిడ చదివిన వెంటనే నన్ను పిలిస్తే మాత్రం పారిపోతా.

ఎవరైనా కాస్త చెప్పండి, చదవడం గురించి. ఇంట్లో అద్దం ముందు బాగానే వస్తుంది, అక్కడికెళ్ళాక గొంతు ఇంకెవరిదో అయిపోతోంది.

---

గోదారిగట్టు – సోమవారం, ఉదయం 9:20

నేను దెబ్బలు తిని నేర్చుకున్నవి చెప్తా.

ఫోన్‌లో చదవకు. తప్పదంటే ఏరోప్లేన్ మోడ్. కాగితం మీద పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసుకో, ఒకే పక్క, కళ్ళజోడు లేకుండా కనపడేంత. కాగితం వణుకుతుందని భయమైతే వెనకాల అట్ట పెట్టుకో, పరీక్ష అట్ట, దానికి వణుకు తెలీదు.

మైకు నోటికి నాలుగు వేళ్ళ దూరం. స్పీకర్ బాక్సుకి ఎదురుగా నిలబడకు, కూ అని అరుస్తుంది, అరిస్తే మైకుని చేత్తో మూయకు, ఇంకా ఎక్కువవుతుంది.

"ఇది నేను రాసిన ఒక చిన్న ప్రయత్నం, తప్పులుంటే మన్నించాలి" అనొద్దు. తప్పులు వెతకమని నువ్వే చెప్తున్నట్టు.

అన్నిటికంటే ముఖ్యం, మొదటి రెండు లైన్లూ చివరి రెండు లైన్లూ కంఠతా పట్టు. అప్పుడు తలెత్తి చూడొచ్చు. మధ్యలో కాగితం చూసుకున్నా ఎవరూ పట్టించుకోరు.

---

పాత_సంచిక – సోమవారం, ఉదయం 10:30

గోదారిగట్టు గారి సలహాలు బాగున్నాయి. నేనొకటి చేర్చుతాను.

కంటికి రాసిన కవిత, చెవికి రాసిన కవిత వేరు. సమాసాలు ఎక్కువైతే వినేవాడు మొదటి ముక్క విడదీసుకునేలోపు మీరు నాలుగో ముక్కలో ఉంటారు. 1981లో గూటాల కృష్ణమూర్తి గారు లండన్ నుంచి మహాప్రస్థానాన్ని శ్రీశ్రీ చేతిరాతతోనే అచ్చు వేయించారు, శ్రీశ్రీ స్వయంగా చదివిన క్యాసెట్టు కూడా తెచ్చారు. ఆ గొంతు మొదట విన్నప్పుడు నాకు నిరాశే కలిగింది. ఏమిటిది, మనమంతా కాలేజీల్లో వీరావేశంతో అరిచి చదివామే, ఈయన ఇంత మామూలుగా చదువుతున్నారేమిటి అని. తరవాత తరవాత తెలిసింది. లయ పదాల్లోనే ఉన్నప్పుడు గొంతు దానికి అడ్డు రాకూడదు.

---

టీ_సమోసా – సోమవారం, ఉదయం 11:05

మాస్టారు ఇంత చిన్నగా కూడా రాయగలరన్నమాట. దండాలు.

మొదటిసారి చదివేవాళ్ళకి నానీలు మంచివి అని నా లెక్క. ఆచార్య ఎన్. గోపి గారు పెట్టిన పద్ధతి, నాలుగు పాదాలు, 20 నుంచి 25 అక్షరాలు. ఒక్క ఊపిరిలో అయిపోతుంది, భయపడే టైమ్ ఉండదు. నేను చదివింది ఒకటి (నవ్వకండి):

అమ్మ చేతి గీతలు
అరిగిపోయాయి
అంట్లపీచు
చదివేసింది

---

చికాగో_చలి – సోమవారం, మధ్యాహ్నం 12:30

ఇక్కడ అర్ధరాత్రి దాటింది, పడుకోబోతూ ఇది చదివా. మీరు సమోసాల గురించి మాత్రమే మాట్లాడతారనుకున్నా. ఇప్పుడు నాకు నిద్ర పట్టదు.

---

నీలిసిరా – సోమవారం, మధ్యాహ్నం 1:10

బాగుంది. కానీ నానీలు ఇరవై వరసగా చదివేవాళ్ళని చూశా, అది మాత్రం హింస. ఒక్కోదానికి ముందు "నానీ" అని ప్రకటన కూడా.

---

వెన్నెల_గది – మంగళవారం, రాత్రి 10:20

నిన్నంతా ఆలోచించాం, నలుగురం టీ కొట్టు దగ్గర కూర్చుని గొడవ కూడా పడ్డాం. కండక్టర్ గారికి ఫోన్ చేశా, కుర్చీల గురించి సారీ చెప్దామని. ఆయన "పర్లేదండి, మా బస్సులో ఇంతకంటే ఎక్కువ చప్పుడు ఉంటుంది" అన్నారు. ఆ కవిత ఇక్కడ పెట్టొచ్చా అని అడిగితే పేరు వద్దు, కవిత పెట్టుకోండి అన్నారు. ఇదుగో.

చిల్లర లేదంటే
టికెట్ వెనక రాసిచ్చాను
రెండు రూపాయలు బాకీ అని

దిగేటప్పుడు కొందరు అడిగారు
కొందరు మర్చిపోయారు
ఒక ముసలావిడ
ఉంచుకో నాయనా అంది

ఇరవై ఏళ్ళు
ఎంతమంది జేబుల్లో
ఎన్ని ఊళ్ళు తిరిగిందో నా చేతిరాత

ఇంటికొచ్చి కాగితం ముందు కూర్చుంటే
అలవాటుగా ముందు పడే మాట
బాకీ

---

ఓరుగల్లు_పోరడు – మంగళవారం, రాత్రి 10:41

ముకర్రర్.

---

సీమ_ఎండ – మంగళవారం, రాత్రి 10:44

వన్స్‌మోర్.

---

పాత_సంచిక – మంగళవారం, రాత్రి 11:15

రెండుసార్లు చదివాను. ఇందులో బరువైన సమాసం ఒక్కటీ లేదు. ఈయన చదువుతుండగా కుర్చీలు లాగారా!

---

మైకుభయం – మంగళవారం, రాత్రి 11:30

నేను అక్కడే ఉన్నా, ముందు వరసలో, నాకు "బాకీ" దగ్గర సరిగ్గా వినపడలేదు. ఇప్పుడే మొత్తం చదివా. ఆ చివరి మాట నాకు గరగరలో పోయింది.

---

వెన్నెల_గది – బుధవారం, ఉదయం 9:00

సరే, వచ్చే నెలకి అనుకున్నది ఇది, తిట్టేది ఉంటే ఇప్పుడే తిట్టండి.

అధ్యక్షుడు ఉండడు. పేర్లు పిలవడానికి ఒకమ్మాయి, చేతిలో గంట, మా బడిలో కొట్టే ఇత్తడి గంట. ఓపెన్ మైక్ పన్నెండు మందికి మించదు, మనిషికి నాలుగు నిమిషాలు. అతిథులు ఇద్దరే, పదిహేనేసి నిమిషాలు, మధ్యమధ్యలో. పోస్టర్‌లో 6:30 అని వేసి 6:45కి మొదలెట్టేస్తాం, ఎవరు వచ్చినా రాకపోయినా. శాలువాలు లేవు, మెమెంటోలు లేవు, ఆ డబ్బు కవర్లో పెట్టి అతిథులకే. సమోసా 8కి బ్రేక్‌లో, నమలడం అయ్యాకే మళ్ళీ మైకు. కుర్చీల అబ్బాయికి ఆటో డబ్బులు మేమిస్తాం, చివరి కవిత అయ్యాకే ముట్టుకోవాలి.

పాత అధ్యక్షుల వారికి ఎలా చెప్పాలో తెలియట్లేదు. అదొక్కటే భయం.

---

పాత_సంచిక – బుధవారం, ఉదయం 9:40

కవిత చదవడానికి పిలవండి. నంబరు ఇవ్వండి. ఆయనా మొదట కవే కదా, మనమే కుర్చీలో కూర్చోబెట్టి ఉపన్యాసకుణ్ణి చేశాం. నాకైతే ఇన్నేళ్ళలో అలా పిలిచినవాళ్ళు లేరు.

---

గోదారిగట్టు – బుధవారం, ఉదయం 9:48

మాస్టారూ మీరు కూడా ఫారం నింపండి అయితే.

---

టీ_సమోసా – బుధవారం, ఉదయం 9:55

పాటలు పాడొచ్చా? గోరటి వెంకన్న గారి లాగా పాడేవాళ్ళు మా ఆఫీసులో ఒకడున్నాడు, అంటే వాడు అలా అనుకుంటాడు.

---

వెన్నెల_గది – బుధవారం, ఉదయం 10:10

సొంతంగా రాసిందైతే పాడొచ్చు. నాలుగు నిమిషాలే. గంట అందరికీ ఒకటే.

---

మైకుభయం – ఆదివారం, రాత్రి 11:35 (నెల తర్వాత)

థ్రెడ్ పైకి తెస్తున్నా, తర్వాత ఏమైందో చెప్పాలి కదా.

నిన్న రెండోది జరిగింది. 6:45కి నిజంగా మొదలెట్టారు, హాల్లో అప్పటికి పంతొమ్మిది మంది. లేటుగా వచ్చినవాళ్ళు తలుపు దగ్గర ఆగి, కవిత అయ్యాక లోపలికొచ్చారు, ఎవరూ చెప్పకుండానే. 8కి యాభై దాటారు. నా నంబరు 4. పరీక్ష అట్ట తీసుకెళ్ళా, మా తమ్ముడిది, దాని మీద వాడు గీసిన విరాట్ కోహ్లీ బొమ్మ ఉంది, జనం వైపు అదే కనపడిందట, తర్వాత తెలిసింది.

రెండు చోట్ల తడబడ్డా. తలెత్తి చూశా ఒకసారి. ఒకావిడ కళ్ళు మూసుకుని వింటోంది, నిద్ర అనుకున్నా, కాదు, అయిపోయాక ఆ లైన్ మళ్ళీ చదవమంది.

పాత అధ్యక్షుల వారు నంబరు 7. గంట మోగింది. అందరం ఊపిరి బిగబట్టాం. ఆయన గంట వైపు చూసి, "ఇంకో చరణం ఉంది, వచ్చే నెల చదువుతా" అని దిగిపోయారు. ఆ రాత్రి అన్నిటికంటే పెద్ద చప్పట్లు ఆయనకే.

కండక్టర్ గారు రాలేదు, తిరుపతి డ్యూటీ పడిందట.

---

నీలిసిరా – సోమవారం, ఉదయం 7:05

వచ్చే నెల నేనూ వస్తున్నా, గుంటూరు నుంచి. పోరడు తమ్ముడూ, నువ్వూ రా, ముకర్రర్ అనడానికి మనిషి కావాలి.

---

ఓరుగల్లు_పోరడు – సోమవారం, ఉదయం 7:30

వస్త అక్కా. రైలెక్కుత, తిరుగు బండికి మాత్రం గంట కొట్టకుండ్రి.

---

వెన్నెల_గది – సోమవారం, ఉదయం 10:15

ఈసారి హుండీలో 7,315 వచ్చింది, మా జేబులోంచి వెయ్యి లోపే పడింది, ఇంట్లో కూడా చెప్పేశా. నోట్ల మధ్య ఒక బస్సు టికెట్ ఉంది, మడిచి, వెనక పెన్నుతో "రూ. 2" అని. ఎవరు వేశారో చెప్పండి, లెక్కల పుస్తకంలో ఏ పేరు మీద రాయాలో తెలియట్లేదు.

పోయిన నెలవి శాలువాలు రెండు మిగిలాయి. ఎవరికైనా టీవీ ఉందా?